పేరు తెలియకుండా ఫొటో తీసిన ఊరు

యష్‌చిలాన్‌కు రోడ్డు లేదు. మెక్సికో దక్షిణపు కొసన, చియాపాస్ రాష్ట్రంలో ఫ్రొంతేరా కొరొసాల్ అనే రేవు ఊరి దాకా బండి వెళ్తుంది. ఆ తర్వాత పడవే గతి. పైన కప్పు వేసిన సన్నటి, పొడవాటి మోటారు పడవలు ఒడ్డున బారుగా కట్టేసి ఉంటాయి. లాంచా అంటారు వాటిని. ఉసుమసింటా నదిలో వాలుకు ముప్పావు గంట ప్రయాణం. ఎడమ గట్టు మెక్సికో, కుడి గట్టు గ్వాటెమాల. రెండు గట్ల మీదా ఒకటే అడవి.

ఒకచోట నది గుర్రపు లాడంలా మెలిక తిరుగుతుంది. ఆ మెలిక లోపల ఉంది ఊరు. నీళ్ల మీంచి చూస్తే ఏమీ కనబడదు. పడవ దిగి గట్టెక్కాక కూడా ముందు వినబడుతుంది, ఆ తర్వాతే కనబడుతుంది. ఆ వినబడేది హౌలర్ కోతుల అరుపు. మన కొండముచ్చంత కూడా ఉండని ఆ జంతువు పులి గాండ్రించినట్టు అరుస్తుంది. మొదటిసారి విన్నవాళ్లు వెనక్కి తిరిగి పడవ ఉందా, వెళ్లిపోయిందా అని చూసుకుంటారు.

ఊళ్లోకి దారి ఒక చీకటి కట్టడం గుండా. పురావస్తు శాఖ లెక్కలో అది 19వ నంబరు. జనం నోట్లో లబిరింత్, అంటే మన పద్మవ్యూహం లాంటిది. వంకర్లు తిరిగే ఇరుకు నడవలు, చెమ్మ పట్టిన గోడలు, నెత్తిమీద గబ్బిలాలు. తడుముకుంటూ అటు చివర బయటపడేసరికి కళ్లు చెదిరే వెలుతురు, ఎదురుగా పెద్ద పచ్చిక చౌకు, దానికి ఒక పక్కన కొండ మీదికి ఎక్కిపోయే మెట్లు, మెట్ల పైన గుడి. క్రీస్తుశకం 4వ శతాబ్దం నుంచి 9వ శతాబ్దం తొలి రోజుల దాకా ఒక మాయా రాజ్యానికి రాజధాని ఇది. ఆ తర్వాత వెయ్యేళ్లు అడవిది.

మాయా శిథిలాల్లో దీనికన్నా పెద్దవి, ఎత్తయినవి, టూరిస్టులు కిటకిటలాడేవి చాలా ఉన్నాయి. చిచెన్ ఇట్సాకు వెళ్లినవాళ్లలో నూటికి ఒకరు కూడా ఇక్కడికి రారు అనుకుంటాను. కానీ పాత ఫొటోల కథ చెప్పాలంటే నేను ఈ ఊరినే ఎంచుకుంటాను. 19వ శతాబ్దంలో మాయా శిథిలాలను కెమెరాకెక్కించిన వాళ్లలో ముగ్గురు పెద్దవాళ్లూ ఇక్కడికి వచ్చారు. ముగ్గురూ ఈ ఊరికి తలా ఒక పేరు వాడారు. అసలు పేరు ఎదురుగా రాళ్ల మీదే చెక్కి ఉంది. ఆ రాళ్లకు గురిపెట్టి ఫొటో తీశారు. చదవడం మాత్రం ఎవరికీ రాలేదు.

గుమ్మం మీద బొమ్మ

యష్‌చిలాన్ ప్రత్యేకత గుమ్మాలు. గుమ్మం మీద అడ్డంగా పరిచే రాయిని మేస్త్రీలు లింటెల్ అంటారు. పాత ఇళ్లలో కలపతో ఉండేది ఉత్తరాశి. ఇక్కడి శిల్పులు ఆ రాతికి ముందువైపు కాకుండా అడుగున చెక్కారు. గుమ్మంలో నిలబడి, మెడ వెనక్కి విరిచి, నెత్తిమీదికి చూస్తే తప్ప బొమ్మ కనబడదు. లోపలికి వెళ్లే అర్హత ఉన్నవాళ్ల కోసమే చేసిన బొమ్మలవి. అలాంటివి 60 దరిదాపు లెక్కకు వచ్చాయి.

ఇప్పుడు దీన్ని ఫొటోగ్రాఫర్ కళ్లతో చూడండి. గుమ్మం ఇరుకు. రాయి అడుగుభాగానికి వెలుతురు నేరుగా తగలదు, నేల మీంచి తుళ్లి రావలసిందే. కెమెరా చూస్తే పెట్టెంత ఉంటుంది, మూడుకాళ్ల స్టాండు మీద నిలబడుతుంది, దాన్ని ఆకాశం వైపు తిప్పడమే కష్టం. పైగా సున్నపురాయి మీద చెక్కడానికి రంగు తేడా ఉండదు. బొమ్మా అదే తెలుపు, వెనకా అదే తెలుపు. నీడ పడితేనే గీత తెలుస్తుంది. ఎదురు వెలుతురులో అంతా చదును. పక్కనుంచి, ఏటవాలుగా వెలుతురు పడితేనే ముక్కు ముక్కుగా, అక్షరం అక్షరంగా లేస్తుంది. మాయా శిథిలాల ఫొటోగ్రఫీ చరిత్ర సగం ఆ పక్క వెలుతురు కోసం పడిన పాట్ల చరిత్ర.

ఆ పాట్లు యష్‌చిలాన్ కన్నా నలభై ఏళ్ల ముందే మొదలయ్యాయి. 1839లో పారిస్‌లో డాగెరోటైప్‌ను లోకానికి చూపించారు. వెండి పూత వేసిన రాగి రేకు మీద ఒకే ఒక్క బొమ్మ, దానికి నకలు ఉండదు. రెండేళ్లు తిరక్కుండానే ఆ పెట్టె మెక్సికోలోని యుకతాన్ ద్వీపకల్పం చేరింది. ఆస్ట్రియా ఉద్యోగి బారన్ ఇమాన్యుయెల్ ఫ్రీడ్రిక్స్‌తాల్ అక్కడి మాయా శిథిలాలు ఉష్మల్, చిచెన్ ఇట్సాలను దాంతో తీశాడు. న్యూయార్క్, లండన్, పారిస్‌లలో చూపించాడు. 1842లో చనిపోయాడు, ఆ రేకుల్లో చాలామటుకు ఆచూకీ లేకుండా పోయాయి.

అదే కాలంలో అమెరికా లాయరు జాన్ లాయిడ్ స్టీఫెన్స్, ఇంగ్లిష్ చిత్రకారుడు ఫ్రెడరిక్ కాథర్‌వుడ్ రెండోసారి యుకతాన్ వచ్చారు. మొదటి యాత్రలో కాథర్‌వుడ్ గీసిన బొమ్మలే మాయా నగరాలను పాశ్చాత్యులకు పరిచయం చేశాయి. 1841లో వస్తూ వస్తూ కెమెరా కూడా తెచ్చుకున్నారు. మెరీదా పట్నంలో ముందుగా దుకాణం పెట్టి ఊరి అమ్మాయిలకు ఫొటోలు తీశారు, చెయ్యి తిరగాలని. తీరా ఉష్మల్ వెళ్లాక రాయి మొరాయించింది. ఎండలో ఉన్న భాగం తెల్లగా మాడిపోయేది, నీడలో ఉన్నది నల్లటి ముద్ద. కాథర్‌వుడ్ కొన్నాళ్లు చూసి విసిగి, మళ్లీ పెన్సిల్ పట్టుకున్నాడు. డాగెరోటైప్‌లో ఇంకో తిరకాసు కూడా ఉంది. మామూలుగా తీస్తే అద్దంలో చూసినట్టు కుడిఎడమలు తారుమారవుతాయి. మనిషి మొహానికైతే పర్వాలేదు, శాసనానికి అది ప్రాణం మీదికి వచ్చినట్టే. 1842 జులైలో న్యూయార్క్‌లో కాథర్‌వుడ్ ప్రదర్శనశాల తగలబడి, అక్కడ ఉంచిన యుకతాన్ సరుకంతా బూడిదైంది.

ఇది చదివినప్పుడల్లా నాకు అనిపిస్తుంది, కాథర్‌వుడ్ ఓడిపోయిన కారణం యంత్రం నాసిరకం అవడం కాదు, ఆయన చెయ్యి మరీ మంచిది అవడమని. గీయగలిగినవాడికి కెమెరాతో ఓపిక ఉండదు. ఓపిక ఉన్నవాడు ఫ్రాన్స్ నుంచి వచ్చాడు.

తడి ఆరకముందే

డెజిరే షార్నే బడిపంతులు. స్టీఫెన్స్ పుస్తకాలు చదివి పిచ్చి పట్టినవాడు. 1857లో ఫ్రెంచి ప్రభుత్వం పంపగా మెక్సికో చేరి, 1859-60లలో మిట్లా, పలెంకే, ఇసమాల్, చిచెన్ ఇట్సా, ఉష్మల్ తిరిగాడు. అప్పటికి డాగెరోటైప్ పోయి తడి కొలోడియన్ పద్ధతి వచ్చింది. దాని గురించి కొంచెం చెప్పుకోవాలి, లేకపోతే ఆ ఫొటోల విలువ తెలియదు.

గాజు పలక మీద ఈథర్‌లో కరిగించిన కొలోడియన్‌ను తేనెలా పోసి, నాలుగు మూలలకూ సమానంగా పారేట్టు పలకను అటూ ఇటూ వంచాలి. అది కాస్త పట్టుకోగానే చీకటి గుడారంలో వెండి నైట్రేటు ద్రావణంలో ముంచాలి. తడి తడిగానే చట్రంలో బిగించి, కెమెరా దగ్గరికి పరుగెత్తి, మూత తీసి, లెక్కపెట్టి, మూత వేసి, మళ్లీ గుడారంలోకి పరుగెత్తి కడగాలి. మొత్తం పది పదిహేను నిమిషాల్లో అయిపోవాలి. చల్లటి పారిస్‌లో ఆ గడువు. ఉష్మల్ ఎండలో ఈథర్ ఆవిరవడానికి అంతసేపు ఆగదు. గుడారంలో ఉక్కపోత, ఈథర్ వాసనకు తల తిరుగుడు, తడి పలక మీద దోమ వాలితే దోమే బొమ్మ. షార్నే వాడిన పలకలు మామూలువి కూడా కాదు, దాదాపు 45 సెంటీమీటర్ల పొడవు, 36 వెడల్పు. ఆ రోజుల్లో నెగెటివ్‌ను పెద్దది చేసుకునే సదుపాయం లేనట్టే. ఫొటో ఎంత పెద్దది కావాలంటే పలక అంత పెద్దది మొయ్యాలి. అడవి దారిలో, కంచరగాడిదల మీద, గాజు.

ఆ ఫొటోలు 1862-63లో ‘సితే ఎ రుయిన్ అమెరికేన్’ పేరుతో భారీ ఆల్బమ్‌గా వచ్చాయి. ముందుమాట రాసింది ఫ్రాన్స్‌లో పేరున్న వాస్తుశిల్పి వియొలె-లె-దుక్. అంతవరకూ మాయా శిల్పాన్ని గీసిన ప్రతివాడూ తనకు తెలిసిన ఈజిప్టునో గ్రీసునో కొంత కలిపాడు. గాజు పలకకు ఈజిప్టు తెలియదు.

అయితే ఫొటో తీసినవాడికి తెలుస్తుందిగా! అక్కడే వచ్చింది చిక్కు. షార్నే ఈ ఊళ్లన్నీ తోల్టెక్కులు అనే వేరే జాతివాళ్లు కట్టారని, అంత పాతవేమీ కావని చివరిదాకా నమ్మాడు. ఆయన తర్వాత యుకతాన్‌లో పనిచేసిన ఆగస్టస్, ఆలిస్ లె ప్లోన్‌జాన్ దంపతులు ఇంకా దూరం వెళ్లారు. 1873 నుంచి ఏళ్ల తరబడి ఉష్మల్, చిచెన్ ఇట్సా గోడలను జానెడు జానెడూ తీశారు. ఆలిస్ లండన్ ఫొటోగ్రాఫర్ హెన్రీ డిక్సన్ కూతురు. కూలిపోబోయే పాత లండన్ భవనాలను ఫొటోలుగా దాచినవాడు ఆయన. అంటే ఆ పని ఆమెకు పుట్టింటి విద్య. వాళ్ల ఫొటోలు ఇవాళ్టికీ పనికొస్తాయి. ఆ ఫొటోల కింద ఆగస్టస్ అల్లిన మూ అనే రాణి కథ, మాయా వాళ్లే ఈజిప్టుకు నాగరికత నేర్పారన్న వాదం మాత్రం అప్పుడే జనం నవ్వి వదిలేశారు. ఫొటో నిక్కచ్చి, దాని కింద రాత కట్టుకథ. రెండూ ఒకే చేతివి.

ఒకే వారంలో ఇద్దరు

ఇక మన ఊరికి వద్దాం. 1882 మార్చి. ఆల్ఫ్రెడ్ పెర్సివల్ మాడ్‌స్లే అనే ఇంగ్లిష్ ఆయన గ్వాటెమాల వైపు నుంచి దోనెల్లో నది దిగి ఇక్కడికి చేరాడు. 32 ఏళ్లవాడు. ఫిజీ దీవుల్లో కొలువు చేసి, మానేసి, చలికాలం వెచ్చటి దేశంలో గడుపుదామని ముందు ఏడాది గ్వాటెమాల వచ్చినవాడు. వచ్చి కిరిగ్వాలో నాచు పట్టిన రాళ్లు గోకి చూశాడు. కింద మొహాలు బయటపడ్డాయి. అంతే, మిగిలిన జీవితం వాటికి రాసిచ్చేశాడు. ఈ నది ఒడ్డున ఒక ఊరు ఉందని ఎడ్విన్ రాక్‌స్ట్రో చెప్పగా విన్నాడు. రాక్‌స్ట్రో 1881లో వచ్చి చూసి వెళ్లాడు.

మాడ్‌స్లే వచ్చిన కొద్ది రోజులకే అవతలి వైపు, తెనొసికే నుంచి అడవి దారిన, షార్నే బయలుదేరి వస్తున్నాడు. అప్పటికి ఆయనకు 50 దాటాయి. ఈసారి ఖర్చు అమెరికా పొగాకు కోటీశ్వరుడు పియెర్ లోరిలార్డ్‌ది. ఎవరూ చూడని నగరాన్ని తానే కనిపెట్టబోతున్నానని నమ్మకం. నది దగ్గరికి వచ్చేసరికి తెలిసింది, ఇంకో తెల్లదొర ముందే దిగి ఉన్నాడని. గుండె జారిపోయింది పాపం.

షార్నే తన పుస్తకంలో ఆ కలయికను దాచుకోకుండా రాశాడు. మాడ్‌స్లే ఎదురొచ్చి చెయ్యి కలిపాడట. ముందు రావడం తన గొప్ప కాదని, తాను సరదాకు తిరిగేవాణ్నని, ఊరికి పేరు పెట్టుకొమ్మని, ఫొటోలు తీసుకొమ్మని, తాను దీని గురించి ప్రచురించనని చెప్పాడట. ఇద్దరూ కలిసే బస చేశారు. షార్నే దీనికి ‘లోరిలార్డ్ నగరం’ అని నామకరణం చేశాడు. వెయ్యేళ్ల నాటి రాజధానికి పొగాకు వ్యాపారి పేరు. మాడ్‌స్లే మటుకు స్థానికంగా విన్న ‘మెంచే’ అనే పేరే వాడుకున్నాడు.

ఆ ఉదారత మీద ఇంగ్లిష్ వాళ్లు చాలా రాసుకున్నారు. నాకు ఆసక్తిగా ఉన్నది వేరు. షార్నే దగ్గర మాడ్‌స్లే ఆ రోజుల్లో కాగితం అచ్చు తీయడం నేర్చుకున్నాడు. తడిపిన కాగితం పొరలు పొరలుగా రాతి మీద పరిచి, కుంచెతో కొట్టి సందుల్లోకి దించి, ఆరనిచ్చి ఊడదీస్తే రాయి చర్మం వలిచినట్టు వస్తుంది. మన శాసన పరిశోధకులు ఎస్టాంపేజ్ అనేది దీనికి దగ్గరి చుట్టమే, మనవాళ్లు సిరా అద్దుతారు. మాడ్‌స్లే ఆ తర్వాత పన్నెండేళ్ల పాటు ఫొటో, అచ్చు, పటం మూడూ కలిపి వాడాడు. ఫొటో ఒక్కటే చాలదని ఆయనకు త్వరగా అర్థమైంది. నీడలో పడి ఫొటోలో పోయిన గీత అచ్చులో దొరుకుతుంది. లండన్‌లో ఆ అచ్చుల నుంచి ప్లాస్టర్ నమూనాలు పోయించి, ఫొటో పక్కన నమూనా పెట్టుకుని ఆనీ హంటర్ అనే చిత్రకారిణి గీతబొమ్మలు వేసేది. ఒక్కో అక్షరాన్నీ మూడు దారుల్లో సరిచూసిన పుస్తకం అది. ‘బయోలోజియా సెంట్రాలి-అమెరికానా’ గ్రంథమాలలో పురావస్తు భాగంగా 1889 నుంచి 1902 దాకా ముక్కలు ముక్కలుగా వెలువడింది.

కాలం కూడా కలిసొచ్చింది. అప్పటికి పొడి పలకలు బజారులోకి వచ్చాయి. ముందే మందు పూసి పెట్టెలో సర్దుకుని తెచ్చుకోవచ్చు, తీసిన తర్వాత తీరిగ్గా కడుక్కోవచ్చు. గుడారానికీ కెమెరాకీ మధ్య పరుగులు తప్పాయి. మిగిలిన టైము రాతిని తోమడానికి, చెట్టు కొట్టి వెలుతురు రప్పించడానికి, పొద్దు వాలేదాకా కూర్చోడానికి. గ్వాటెమాలలోని కోబాన్ ప్రాంతం నుంచి గొర్గోనియో లోపెజ్, అతని అన్నదమ్ములు ఆయన వెంట ఏళ్ల తరబడి తిరిగి, అచ్చు తీయడంలో దొరంత నేర్పు సాధించారు. మాడ్‌స్లే వాళ్ల పేర్లు రాసి పెట్టాడు, మంచిదే. ఆ కాలపు ఫొటోల్లో గోడ ఎత్తు తెలియడానికి కొలబద్దలా నిలబెట్టిన మనుషులు ఎందరో ఉన్నారు. వాళ్లలో చాలామంది పేరు ఏ పుస్తకంలోనూ లేదు.

ఇప్పుడు రెండో పక్క. మాడ్‌స్లే వచ్చిన దోనెలో కెమెరాతో పాటు ఇనప గునపాలూ వచ్చాయి. ఇక్కడి ఒక లింటెల్‌ను, మోయడానికి వీలుగా వెనకవైపు చెక్కి పలచన చేయించి తీసుకుపోయాడు. అది 1883లో లండన్ చేరింది. తర్వాత మరికొన్ని వెళ్లాయి. అప్పటికి ఈ నేల ఎవరిదో కూడా తేలలేదు. మెక్సికో, గ్వాటెమాల సరిహద్దు ఒప్పందం మీద సంతకాలు పడింది అదే 1882 సెప్టెంబరులో. అంటే రాయి కదిలిన ఆరు నెలలకు ఊరు ఏ దేశానిదో తేలింది. బయలుదేరదీసినవాడికే ఆ రాతి మీద అందరికన్నా భక్తి ఎక్కువ. అందుకే ఆయన్ని దొంగ అని వదిలేయలేం, రక్షకుడు అని పూలదండా వేయలేం.

నాలుక మీద ముళ్ల తాడు

మాడ్‌స్లే పట్టుకెళ్లిన ఆ రాయికి ఇప్పటి లెక్కలో 24వ నంబరు. మీటరు మీద కాస్త ఎత్తు, ముప్పాతిక మీటరు వెడల్పు. మాయా శిల్పంలో దీన్ని మించింది లేదని చాలామంది అంటారు, నేనూ వాళ్లలో ఒకణ్ని.

ఎడమ పక్కన ఒక మగమనిషి నిలబడి పొడవాటి కాగడా పట్టుకున్నాడు. జ్వాలలు సుళ్లు తిరుగుతున్నాయి. కుడి పక్కన ఒకామె మోకాళ్ల మీద కూర్చుంది. ఆమె రెండు చేతుల్లోనూ తాడు. తాడుకు వరసగా ముళ్లు. ఆ తాడు ఆమె నాలుకలోంచి కిందికి దిగుతోంది. కింద అల్లిన బుట్ట, బుట్టలో నెత్తుటి మరకలున్న కాగితపు పీలికలు, వాటి మీద తాడు కొస. పెదవుల చుట్టూ బుగ్గ మీద చుక్కలు చుక్కలుగా నెత్తురు. ఇంత జరుగుతున్నా ఆమె కట్టుకున్న బట్ట మీద నేత పని, ఒక్కో డైమండ్ గడి, అంచు కుచ్చులు, శిల్పి తొందరపడకుండా చెక్కాడు. నేసిన మనిషి పక్కన కూర్చుని చెప్పినట్టు ఉంటుంది.

ఆమెను ఎన్నో ఏళ్లపాటు ప్రాయశ్చిత్తం చేసుకుంటున్న భక్తుడనే రాశారు. ఆడమనిషి అనే తట్టలేదు. రాళ్ల మీది తేదీల విషయంలో దారి చూపినవాళ్లలో ఒక పత్రికా సంపాదకుడు ఉన్నాడు. అమెరికాలోని నెవాడాలో టెరిటోరియల్ ఎంటర్‌ప్రైజ్ పత్రిక నడిపి, మార్క్ ట్వేన్‌కు రిపోర్టరు ఉద్యోగం ఇచ్చిన జోసెఫ్ గుడ్‌మన్. కాలిఫోర్నియాలో ఇంట్లో కూర్చుని మాడ్‌స్లే బొమ్మల మీద లెక్కలు వేసి మాయా పంచాంగం కట్టు విప్పాడు. 1897లో అది మాడ్‌స్లే గ్రంథానికి అనుబంధంగా అచ్చయింది. మన తేదీలతో ఆయన ముడిపెట్టిన పద్ధతినే తర్వాతివాళ్లు కొద్దిగా సరిదిద్ది ఇప్పటికీ వాడుతున్నారు. పత్రికాఫీసుల్లో పనిచేసిన మాబోటివాళ్లకు ఇది కొంచెం గర్వంగా ఉంటుంది, చెప్పుకోవడానికి సిగ్గెందుకు.

మిగిలింది మనుషుల కథ. దానికి మూడో ఫొటోగ్రాఫర్ కావలసి వచ్చాడు.

టియోబెర్ట్ మాలర్ రోమ్‌లో పుట్టిన జర్మన్. మెక్సికో చక్రవర్తిగా ఐరోపా వాళ్లు కూర్చోబెట్టిన మాక్సిమిలియన్ సైన్యంలో చేరి వచ్చాడు. 1867లో చక్రవర్తిని కాల్చి చంపారు. మాలర్ మటుకు వెళ్లిపోలేదు. కెమెరా పట్టాడు, యుకతాన్‌లో తికుల్ అనే ఊళ్లో కాపురం పెట్టాడు, మాయా భాష నేర్చాడు. ముక్కోపి. తోటి పరిశోధకులతో పడదు, పంపించిన సంస్థతో పడదు. ఎండా వానా చూడకుండా అడవిలో తిరిగాడు. 1895 నుంచి ఉసుమసింటా లోయను గాలించాడు. 1898 నుంచి హార్వర్డ్‌లోని పీబాడీ మ్యూజియం జీతం ఇచ్చింది. ‘లోరిలార్డ్’ అన్న పేరు చూసి మండిపడి, ‘మెంచే’ కూడా కాదని, యష్‌చిలాన్ అని తానే పెట్టాడు. ‘యష్’ అంటే మాయా భాషలో పచ్చన. ముగ్గురిలో ఆయన పేరే నిలబడింది.

మాలర్ ఫొటోలు చూస్తే వెలుతురు కోసం ఎంత కాచుకున్నాడో తెలుస్తుంది. బోర్లా పడిన నిలువు శిలలను మోకులతో, దూలాలతో తిరగేయించాడు. మొహం నేలకేసి పడినందువల్లనే వెయ్యేళ్లు చెక్కడం చెక్కుచెదరకుండా ఉంది. తిప్పగానే పొద్దు వాలేవేళ చూసి తీశాడు. అలా తిరగేసినవి ఆ తర్వాత వానకు, దొంగలకు కూడా ఎదురుగా నిలిచాయన్నది ఇంకో సంగతి. ఆ ఫొటోలను పీబాడీ 1901, 1903లలో పెద్ద పలకలుగా అచ్చేసింది. మాలర్ పీబాడీతో చెడి, 1917లో మెరీదాలో పోయాడు.

ఆయన ఫొటోలు మాత్రం లైబ్రరీల్లో ఎదురుచూశాయి. రష్యాలో పుట్టి అమెరికాలో పెరిగిన తాత్యానా ప్రోస్కుర్యాకోవ్ ఆర్కిటెక్చర్ చదివి, ఆ పని దొరక్క పురావస్తు తవ్వకాల్లో బొమ్మలు వేయడానికి కుదిరింది. యష్‌చిలాన్‌కు దిగువన ఇదే నది మీద ఉన్న, మాలర్ ఫొటోలు తీసిన పియెద్రాస్ నెగ్రాస్ శిలలను వరసలో పెట్టుకుని చూస్తూ ఉంటే ఆమెకు ఒక సంగతి తట్టింది. ఒక్కో గుంపులో మొదటి శిల మీద గూట్లో కూర్చున్న మనిషి. ఆ గుంపులోని తేదీలన్నీ కలిపితే ఒక మనిషి ఆయుర్దాయానికి మించవు. అంటే ఇవి నక్షత్రాల లెక్కలు, దేవుళ్ల తిథులు కావు. పుట్టుక, పట్టాభిషేకం. రాజులు. 1960లో ఆమె ఆ వ్యాసం అచ్చువేసింది. పెద్ద పండితులు అప్పటిదాకా కట్టిన మేడ కూలిపోయింది. 1963, 64లలో యష్‌చిలాన్ మీదికి తిరిగింది. పొడుగు బట్టల్లో ఉన్నవాళ్లు పూజారులు కాదు, ఆడవాళ్లని కూడా చెప్పింది ఆమే. అలా 24వ లింటెల్ మీద భక్తుడు రాణి అయ్యాడు.

రాణి పేరు ఇప్పుడు కబాల్ షోక్ అని చదువుతున్నారు. కాగడా పట్టుకున్నవాడు ఆమె భర్త, 681 నుంచి 742 దాకా ఏలిన ఇట్సమ్‌నాజ్ బాలామ్. క్రతువు జరిగింది 709లో. ఆ గుడి ఆమెదే. అందులో మూడు గుమ్మాలు, మూడింటి మీదా ఆమె. రెండు లండన్‌లో ఉన్నాయి, ఒకటి మెక్సికో సిటీలో.

ఊరి పేరు సంగతీ అంతే. ప్రతి రాజ్యానికీ ఒక ముద్ర లాంటి అక్షరం ఉందని 1958లో హైన్రిష్ బెర్లిన్ గుర్తించాడు. యష్‌చిలాన్ ముద్ర నడిమికి చీలిన ఆకాశం బొమ్మ. దాన్ని ‘పా చాన్’ అని చదవాలని, అంటే చీలిన ఆకాశం అని 2004లో సైమన్ మార్టిన్ వివరించాడు. షార్నే లోరిలార్డ్ అని రాసుకున్న రోజున కూడా ఆ ముద్ర కళ్లెదుటే ఉంది. మాలర్ ‘యష్‌చిలాన్’ శీర్షిక కింద వేసిన ఫొటోలో కూడా ఉంది. తాము తీస్తున్నదేమిటో తెలియకపోయినా అక్షరం చెడకుండా తీశారు. తెలుసు అనుకున్నవాళ్లు ఉంటే ఎక్కడో ఒకచోట సవరించి ఉండేవాళ్లేమో.

33ఏ గది నుంచి 27వ గదికి

లండన్ బ్రిటిష్ మ్యూజియానికి వెళ్లే తెలుగువాళ్లు 33ఏ గది వెతుక్కుంటారు, అమరావతి శిల్పాల కోసం. అదే భవనంలో 27వ గది మెక్సికోది. కబాల్ షోక్ రాణి అక్కడ ఉంది. రెండూ సున్నపురాయే. రెండు కథలూ చాలాదూరం ఒకే దారిన నడిచాయి. కృష్ణ ఒడ్డున కర్నల్ మెకెంజీ మనుషులు బొమ్మలు గీశారు, ఉసుమసింటా దేశంలో కాథర్‌వుడ్ గీశాడు. మద్రాసు మ్యూజియంలో ఉన్న అమరావతి పలకలను 1858లో లినేయస్ ట్రైప్ ఫొటోలు తీశాడు. షార్నే యుకతాన్‌లో తిరిగింది ఆ తర్వాత ఒకటి రెండేళ్లకే. ఫొటో తీసిన వెంటనే అమరావతి పలకలు ఓడెక్కాయి. ఎక్కడికో వేరే చెప్పాలా?

అయితే ఫొటో ఎప్పుడూ దొర పక్షానే ఉండలేదు. 1960ల్లో ఈ నది వెంట రంపాలు దిగాయి. నిలువు శిలలను పలకలుగా కోసి, బొమ్మ ఉన్న పొర ఒలుచుకుని, మిగిలింది అడవిలో పడేసి పోయారు. ఆ పొరలు ఉత్తర అమెరికా, ఐరోపాలలో డ్రాయింగ్ రూముల్లోకి, మ్యూజియంలలోకి చేరాయి. ఎక్కడివి అంటే ఎవరికీ తెలియదన్నారు. క్లెమెన్సీ కాగిన్స్ అనే పరిశోధకురాలు 1969లో పాత ప్రచురణలు తిరగేస్తూ ఒక్కొక్కటీ ఏ ఊరిదో బయటపెట్టింది. బ్రూక్లిన్ మ్యూజియంలో ఉన్న ఒక ముక్క పియెద్రాస్ నెగ్రాస్‌దని తేలి, 1972లో గ్వాటెమాలకు తిరిగి వెళ్లింది. అరవై డెబ్బై ఏళ్ల కిందట ఒక ముక్కోపి తీసిన ఫొటోలు అలా సాక్ష్యం చెప్పాయి. ప్రోస్కుర్యాకోవ్ అస్థికలను 1998లో ఆ పియెద్రాస్ నెగ్రాస్‌లోనే ఉంచారు.

యష్‌చిలాన్‌లో మిగిలినవి చూడాలంటే మెట్లెక్కాలి. కొండ మీద 33వ నంబరు గుడి. లోపల తల లేని రాజు విగ్రహం. తల విడిగా ఉంది. అది మొండేనికి అతుక్కున్న రోజు ఆకాశం నుంచి పులులు దిగి లోకాన్ని తినేస్తాయని లకండోన్ అడవి జనం నమ్మిక. ఎవరూ అతికించలేదు. ఆ జనం ఈ గుడిలో సాంబ్రాణి వేసేవాళ్లు. మొహాలు చెక్కిన వాళ్ల ధూపపు మూకుళ్లను మాడ్‌స్లే కూడా ఇక్కడ చూశాడు.

ఈ గుడి మూడు గుమ్మాల మీదా మూడు లింటెల్‌లూ ఇంకా వాటి చోట్లోనే ఉన్నాయి. గుమ్మంలో నిలబడి తలెత్తితే మొదట ఏమీ కనబడదు, మసక తెలుపు తప్ప. ఫోన్‌లో టార్చి వేసి నేరుగా పైకి పట్టినా అంతే, కాథర్‌వుడ్‌కు కనబడినంతే. పక్కవాళ్లను పిలిచి, వాళ్ల ఫోన్ టార్చిని గుమ్మం వారగా, రాతికి ఏటవాలుగా పట్టమనాలి. అప్పుడు లేస్తాయి ఈకలు, చెయ్యి, అక్షరాల వరస, ఎక్కడో ఒక మూల చీలిన ఆకాశం. ఫోన్ నిటారుగా పైకి పట్టేసరికి దానికి ఏది పైనో ఏది కిందో తెలియదు. తెర మీద రాజు ఒకసారి తలకిందులవుతాడు, ఒకసారి పక్కకు ఒరుగుతాడు, మళ్లీ నిలబడతాడు. మెడ పట్టేస్తుంది. కింద రేవులో పడవవాళ్లు టైమయిందని కేకేస్తుంటారు.